సంకెళ్ళ వీడియో ఎవరి కోసం తీసినారు?

హంద్రీ ఒడ్డు | కర్నూలు | శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇంట్లో చెప్తే గొడవ అవుతాదని ఇక్కడ రాస్తాండా. 2025 ఫిబ్రవరి 5న అమెరికా మిలిటరీ విమానం ఒకటి 104 మంది మనోళ్ళను అమృత్‌సర్‌లో దించిపోయింది గుర్తుందా. చేతులకు కాళ్ళకు సంకెళ్ళేసి తెచ్చినారు. ఆ వీడియో ఎవరో దొంగతనంగా తీసి బయటపెట్టింది కాదు, వాళ్ళ బోర్డర్ పెట్రోల్ చీఫే పోస్ట్ చేసినాడు. మళ్ళా రెండు వారాలకు వైట్‌హౌస్ అకౌంట్‌లోనే ఇంకొకటి వచ్చింది. అందులో మాటలుండవు, ఇనుప గొలుసులు గలగలమనే చప్పుడు, సంకెలకు తాళం పడే చప్పుడు, అంతే. నిద్ర పట్టడానికి కొందరు ఇయర్‌ఫోన్లు పెట్టుకోని మెల్లటి చప్పుళ్ళ వీడియోలు వింటారు కదా, సరిగ్గా దాని మాదిరి తయారు చేసినారు.

మా ఫ్యామిలీ గ్రూపులో మా మామ ఆ చప్పుళ్ళ వీడియో పెట్టి "దొంగదారిన పోతే ఇంతే" అన్నాడు. కింద పదకొండు మంది చప్పట్ల బొమ్మలు పెట్టినారు. ఆ పదకొండు మందిలో ఇద్దరి పిల్లోళ్ళు అక్కడే ఎమ్మెస్ చదువుతాండారు. రెండు నెలలు తిరక్కుండానే స్టూడెంట్ల రికార్డులు రద్దు చేస్తాండారని వార్తలొస్తే ఆ ఇద్దరూ రాత్రంతా ఫోన్లు పట్టుకోని కూర్చున్నారు, సెప్టెంబర్లో కొత్త హెచ్‌1బికి లక్ష డాలర్లు అన్నప్పుడు ఇంకా గాబరా పడినారు.

వీసా లేనోళ్ళను వెనక్కి పంపడం గురించి నేను అడగడం లేదు, అది ఏ దేశమైనా చేస్తాది. పంపేదానికి విమానం చాలు కదా, కెమెరా ఎందుకు? ఆ చప్పుడు ఎవరి చెవికి ఇంపుగా ఉంటాదని రికార్డు చేసినారు? ఫిలిప్పీన్స్‌లో, బ్రెజిల్‌లో, ఎల్ సాల్వడార్‌లో కూడా ఇట్లాంటి నాయకులే గెలిచినారు, క్రూరంగా కనిపించడం వాళ్ళకు మైనస్ కాలేదు, ప్లస్ అయింది. ఎందుకో తెలిసినోళ్ళు చెప్పండి. మా మామ చెడ్డోడు కాదు, కరోనాలో వీధి మొత్తానికి ఆక్సిజన్ సిలిండర్లు తెచ్చిచ్చిన మనిషి. అందుకే నాకు ఇంకా అర్థం కాలేదు.


టవర్‌క్లాక్ | అనంతపురం | రాత్రి 10:58

అక్కా మీ బాధ అర్థమైంది గానీ నేను వేరే మాట చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. ఎల్ సాల్వడార్ పేరు తీసినారు కాబట్టి చెప్తాండా. అది మన నాలుగైదు జిల్లాలంత కూడా ఉండదు. 2015లో అక్కడ లక్ష మందికి వంద మందికి పైగా హత్యలైనాయి, ప్రపంచంలో అంత ఘోరం ఎక్కడా లేదు. అంగడి పెట్టుకున్న ప్రతి ముసలామె గ్యాంగులకు మామూలు కట్టాల్సిందే. 2022 మార్చిలో మూడు రోజుల్లో 87 మందిని చంపినారు. అక్కడి అధ్యక్షుడు బుకెలె ఎమర్జెన్సీ పెట్టి అందరినీ ఎత్తి లోపలేసినాడు, ఇప్పుడు ఆడపిల్లోళ్ళు రాత్రిపూట తిరుగుతాండారు. 2024లో జనం 85 శాతం దాకా ఓట్లేసి మళ్ళా గెలిపించినారు. వాళ్ళందరూ క్రూరులా?

మా చిన్నాయన రెండెకరాల దావా 19 ఏండ్లు నడిచింది. ఆయన పోయినాడు, తీర్పు రాలేదు. వాయిదాకు పొయ్యి వాయిదా తీసుకోని రావడమే పని. అట్లా చూసి చూసి విసిగినోడు ఎవడో ఒకడొచ్చి గట్టిగా కొడితే చప్పట్లు కొడతాడు. దాన్ని తప్పనడానికి నాకు మనసు రాదు.


సీమ మాస్టారు | నంద్యాల | రాత్రి 11:25

ముందు ఒక మాట సరిచేసుకుందాం, లేకపోతే చర్చ పక్కదారి పడుతుంది. హంద్రీ అమ్మాయి చెప్పిన నాయకులను పాపులిస్టులు అంటారు, ఆ మాటకు మన పేపర్లలో జనాకర్షక అని రాస్తారు. అది వినగానే మనకు 1983లో రామారావు గారు పెట్టిన రెండు రూపాయల కిలో బియ్యం, ఉచిత కరెంటు, పింఛన్లు గుర్తుకొస్తాయి. హంద్రీ అమ్మాయి అడిగిన పాపులిజం అది కాదు. ఒక నాయకుడు వచ్చి, అసలైన జనం అంటే మీరే, మీకు గొంతు నేనొక్కడినే, మిగతావాళ్ళు మీ సొమ్ము తింటున్న దొంగలు, వాళ్ళు మనుషుల లెక్కలోకే రారు అని చెప్తాడు చూడండి, అది. బియ్యం ఇచ్చే నాయకుడికి చూపించడానికి బియ్యం బస్తా ఉంటుంది. ఈ రెండో రకం నాయకుడు "నేను మీ మనిషిని" అని చూపించాలంటే ఎదుటి గుంపును కొట్టి చూపించాలి, ఇంకో దారి లేదు. రోడ్డు వేశానంటే గుంతలు కనపడతాయి, ఉద్యోగాలిచ్చానంటే లెక్క అడుగుతారు, కొట్టానంటే మాత్రం వీడియో ఉంది.

ఫిలిప్పీన్స్ సంగతి తీసుకోండి. దుతెర్తె దావావ్ అనే ఊరికి ఏళ్ళ తరబడి మేయరు. 2016లో మత్తుమందులవాళ్ళను చంపుతానని బహిరంగంగా చెప్పి అధ్యక్షుడయ్యాడు. దాచిపెట్టి చేసింది కాదు, అదే ఆయన ఎన్నికల హామీ. ఆ కార్యక్రమానికి టోఖాంగ్ అని పేరు. వాళ్ళ భాషలో రెండు మాటలు కలిపిన పేరు, ఒకటి తలుపు తట్టడం, రెండోది బతిమాలడం. పోలీసులు ఇంటింటికీ పోయి తలుపు తట్టి, మానుకో నాయనా అని చెప్తారని పైకి అర్థం. తలుపు తట్టిన ఇళ్ళలో శవాలు లేచాయి. పోలీసుల సొంత లెక్కే 6 వేలకు పైన, హక్కుల సంఘాలు 30 వేల దాకా ఉండొచ్చంటాయి. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది మురికివాడల్లో బతికే రిక్షావాళ్ళు, కూలీలు. 2017 ఆగస్టులో 17 ఏళ్ళ పిల్లవాణ్ణి పోలీసులు ఈడ్చుకుపోవడం వీధి కెమెరాలో పడింది, తుపాకీతో కాల్చాడు కాబట్టి చంపామన్నారు. 2018 నవంబర్లో కోర్టు ముగ్గురు పోలీసులకు హత్యానేరం కింద శిక్ష వేసింది. అంత జరిగినా దిగిపోయే రోజుకి కూడా ఆయన మీద జనంలో మోజు తగ్గలేదు.

నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు చరిత్ర చెప్పాను. రాజులు తలలు కోటగుమ్మానికి కట్టించారని పాఠంలో వస్తే పిల్లలు ఛీ అనేవాళ్ళు. ఇప్పుడు అదే పిల్లలు పెద్దయి ఫోన్లో అదే చూస్తున్నారు, ఛీ అనడం లేదు. అది నన్ను తినేస్తోంది.


చీనీతోట | తాడిపత్రి సైడు | రాత్రి 11:50

నేను ఎక్కువ రాయను ఇక్కడ, చదివి పోతాంటా. మాస్టారు రాసింది చదివినాక ఉండలేకపోయినా.

నాకు అప్పుడు పదకొండేండ్లు. మా నాయన పంచాయితీ ఎలక్షన్లో ఒకాయన తరపున ఏజెంటుగా కూర్చున్నాడు, అంతే, ఎవుర్నీ కొట్టలా తిట్టలా. ఎలక్షన్ అయిపోయిన నాలుగో రోజు పొద్దున మా జేజి, మా నాయన వాళ్ళమ్మ, గడ్డికని తోటలోకి పోయి అట్లే కూర్చుండిపోయింది. మూడొందల ఎనభై చీనీ చెట్లు, బత్తాయి అంటారు కదా అవి, ఆరేండ్లవి, అప్పుడే కాపు మొదలైంది, మొదటి కోత కూడా సరిగ్గా తీయలా. అన్నీ మోకాలెత్తుకి నరికిపెట్టినారు. బోరు మోటారు లోపలికి రాళ్ళేసినారు. చెట్ల మీద కాయలు పచ్చిగా ఉన్నాయి, నేల మీద పడి ఎండలో వాసన కొడతాంటే ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తు, బజార్లో చీనీ రసం అమ్మేచోట నిలబడలేను.

సీమ బయట వాళ్ళకి చెప్తే చెట్లు నరికితే ఏమొస్తుందిలే అంటారు. మనిషిని కొడితే నెలకు మానుతాడు. చీనీ చెట్టు పెట్టి కాపుకు తేవాలంటే ఐదారేండ్లు, దానికి తెచ్చిన అప్పు, నీళ్ళు మోసిన కష్టం, ఇవన్నీ నరికినోడికి మనకంటే బాగా తెలుసు, వాడూ రైతే కదా. ఎక్కడ కొడితే ఎక్కువ నొస్తాదో తెలిసే కొడతాడు.

నేను చెప్పాలనుకున్న ముక్క ఇది. ఆ చెట్లు మా నాయన కోసం నరికింది కాదు. మా నాయనను ఆపాలంటే ఒక మాట చెప్పింటే ఆగిపోయేటోడు, ఆయనేమీ మొండి మనిషి కాదు. అవి ఊరందరి కోసం నరికినారు. బస్సు పోయే రోడ్డు పక్క తోట మాది. ప్రతి బస్సులో జనం కిటికీలోంచి చూసినారు. ఆ చెట్లను పీకిచ్చేదానికి కూలోళ్ళు కూడా రాలేదు రెండు నెలలు, వస్తే వాళ్ళ మీద పడతారని భయం. తర్వాత ఎలక్షన్లో మా ఊర్లో ఆ సైడు ఏజెంటుగా ఒక్కడు కూడా కూర్చోలేదు. ఒక్క దెబ్బ కొట్టకుండానే ఊరు చేతికొచ్చింది వాళ్ళకి.

అక్కా, మీరు వీడియో ఎవరి కోసం తీసినారు అని అడిగినారు. మా తోట రోడ్డు పక్క ఉన్నింది చూడు, అందుకే.


ఉగ్గాని | అనంతపురం | రాత్రి 12:05

అన్నా ఇది చదివి ఏం రాయాలో తెలియట్లేదు. మీ నాయన మళ్ళీ చెట్లు పెట్టినారా?


గండికోట | కడప కోర్టు | ఆదివారం ఉదయం 7:15

నేను వకీలును. 24 ఏండ్లుగా క్రిమినల్ సైడే. చీనీతోట తమ్ముడు చెప్పింది చూసేవాళ్ళ వైపు నుంచి చెప్పినాడు, నేను కొట్టేవాళ్ళ వైపు నుంచి ఒకటి చెప్తా.

ఫ్యాక్షన్ కేసుల్లో చార్జిషీటు చూస్తే ముద్దాయిలు ఏ1 నుంచి ఏ22, ఏ25 దాకా ఉంటారు. ఒక మనిషిని చంపేదానికి అంతమంది ఎందుకని కొత్తలో నాకు అర్థమయ్యేది కాదు. కొన్ని పేర్లు ఇరికించినవే, అది వేరే సంగతి. కానీ నిజంగానే ఎక్కువమందిని తీసుకోనిపోతారు, అందరిచేతా ఒక దెబ్బ వేయిస్తారు. ఆ రోజు తర్వాత వాడు ఊరు వదిలి బెంగుళూరు పోయి బతుకుదామన్నా కుదరదు. వాయిదాకు జీపు పంపేది నాయకుడు, ఫీజు కట్టేది నాయకుడు, జైల్లో ఉంటే పెండ్లాం బిడ్డలకు బియ్యం వేయించేది నాయకుడు. నాయకుడు ఓడిపోతే వాడి పని అయిపోయినట్టే. కాబట్టి నాయకుడు గెలవడం వాడికి ప్రాణం మీది సంగతి. అభిమానంతో వచ్చినోడు అలిసిపోతాడు, కేసులో ఇరుక్కున్నోడు అలిసిపోలేడు.

దుతెర్తె తన పోలీసులకు డ్యూటీ చేసినందుకు మిమ్మల్ని జైలుకు పోనివ్వనని మైకులోనే చెప్పినాడు. ట్రంప్ 2025 జనవరి 20న ప్రమాణం చేసిన రోజే 2021 జనవరి 6న పార్లమెంటు భవనం మీద పడిన కేసుల్లో ఉన్న సుమారు 1500 మందికి క్షమాభిక్ష పెట్టినాడు. వార్త చదివినప్పుడు నాకు మా కోర్టు ఆవరణలో ఆగిన జీపులే గుర్తొచ్చినాయి. మన ఫ్యాక్షన్ చిన్నది, అది పెద్దది, పద్ధతిలో తేడా నాకు కనపడలేదు.

టవర్‌క్లాక్ గారు కోర్టు ఆలస్యం గురించి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, నేనే ఆ వాయిదాల్లో భాగం, సిగ్గుగా ఉంటాది. అయితే ఆయన చెప్పిన ఎల్ సాల్వడార్‌లో మిగతా సగం కూడా చెప్పాల. 80 వేల మందికి పైగా పట్టుకున్నారు. అందులో 8 వేల మంది నిర్దోషులని తర్వాత వదిలినట్టు బుకెలెనే ఒప్పుకున్నాడు. ఆ ఎనిమిది వేల మంది ఎన్ని నెలలు గుండు కొట్టించుకోని ఆ జైళ్ళలో ఉండిరో. జైల్లోనే చచ్చిపోయినోళ్ళు వందల్లో ఉన్నారని అక్కడి హక్కుల సంఘాలు చెప్తాండాయి. అంతకుముందు ఇదే ప్రభుత్వం మనుషులు అవే గ్యాంగులతో లోపాయికారీగా మాట్లాడుకున్నారని 2021 డిసెంబర్‌లో అమెరికా ట్రెజరీ వాళ్ళ మీద ఆంక్షలు పెట్టింది. వరసగా రెండోసారి నిలబడకూడదని రాజ్యాంగంలో ఉంటే కోర్టు జడ్జీలను మార్చి నిలబడినాడు, 2025 జూలైలో ఎన్నిసార్లయినా నిలబడొచ్చని చట్టసభలో మార్పించుకున్నాడు. హత్యలు తగ్గినాయి, నేను కాదనను. రేపు మీ తమ్ముణ్ణి పొరపాటున ఎత్తుకోనిపోతే ఎవరిని అడగాలో ఆ దేశంలో ఇప్పుడు ఎవరూ లేరు.


టవర్‌క్లాక్ | అనంతపురం | ఉదయం 8:02

వకీల్ సార్, 8 వేల సంగతి నాకు తెలియదు, నిజాయితీగా చెప్తాండా. వీడియోల్లో అది చూపించరు. అయినా ఒకటి అడుగుతా. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసులో పట్టుకున్న ఆ నలుగురినీ ఎన్‌కౌంటర్ చేసినప్పుడు మా ఇంట్లో ఆడోళ్ళందరూ ఏడ్చినారు, సంతోషంతో. బ్రిడ్జి మీద నుంచి పోలీసుల మీద పూలు చల్లినారు. నా కూతురికి అప్పుడు 16 ఏండ్లు. ఆ రోజు నా మనసు చల్లబడింది, ఈరోజు దాన్ని తప్పని చెప్పమంటే ఎట్లా చెప్పేది?


గండికోట | కడప కోర్టు | ఉదయం 8:30

మిమ్మల్ని తప్పని నేను అనను. ఆ పాపకు జరిగింది తలుచుకుంటే ఎవరికైనా అట్లే ఉంటాది, నాకూ ఇద్దరు ఆడపిల్లలే. నేను చెప్పేది తర్వాత ఏమైందో. సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పుర్కర్ గారితో కమిషన్ వేసింది. 2022 మేలో రిపోర్టు బయటికొచ్చింది. వాళ్ళు పారిపోబోయి కాల్పుల్లో చచ్చిపోయినారనేది నమ్మేటట్టు లేదు, చంపాలనే కాల్చినారు, పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలన్నారు. చచ్చిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లనీ అందులో ఉంది. వాళ్ళే చేసినారా, ఒక్కరే చేసినారా, ఎవరు ఎంత చేసినారు అనేది ఇంక ఏ కోర్టులోనూ తేలదు, సాక్ష్యం చెప్పాల్సిన నోళ్ళు లేవు. పూలు చల్లిన రోజు టీవీలో వారం రోజులొచ్చింది, కమిషన్ రిపోర్టు ఒక్కరోజు వచ్చింది.

బుల్‌డోజర్లతో ఇండ్లు పడగొట్టే దాని మీద కూడా 2024 నవంబర్ 13న జస్టిస్ గవాయ్, జస్టిస్ విశ్వనాథన్ తీర్పిచ్చినారు. నేరం ఆరోపణ ఉందని ఇల్లు పడగొట్టే హక్కు అధికారులకు లేదు, 15 రోజుల నోటీసు ఇవ్వాల్సిందే. అది చదివినప్పుడు నేను మొదట ఆలోచించింది ఆ ఇంట్లో ఉన్న ముసలోళ్ళ గురించే. కొడుకు మీద కేసు పడితే అమ్మ పొయ్యి ఎందుకు పడగొట్టాల? చీనీతోట తమ్ముడు చెప్పిన జవాబే, రోడ్డు మీద పోయేవాళ్ళు చూడాలని.


పెన్నేటి అక్క | ప్రొద్దుటూరు | ఉదయం 11:10

నేను పిల్లల వార్డులో నర్సుగా చేస్తా. రాజకీయం నాకు పెద్దగా తెలియదు, మీరందరూ రాసింది నిద్రపోకుండా చదివినా. 2018లో అమెరికాలో సరిహద్దు దగ్గర పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసినారు కదా, దాని గురించి ఎవరూ రాయలేదని రాస్తాండా.

మా వార్డులో మూడేండ్ల పిల్లకు ఇంజక్షన్ వేయాలంటే తల్లిని ఐదు నిమిషాలు బయట ఉంచుతాం. ఆ ఐదు నిమిషాల్లో ఆ పిల్ల ఏడ్చే ఏడుపు మొదట అమ్మా అమ్మా అని గట్టిగా ఉంటాది, తర్వాత ఎక్కిళ్ళు, తర్వాత గోడ వైపు తిరిగి ఊరికే చూస్తాంటాది. ఆ మూడోదే మాకు భయం, ఏడ్చే పిల్ల కంటే ఏడవని పిల్లను చూసి భయపడతాం. అక్కడ 5 వేల మందికి పైగా పిల్లల్ని వారాలు, నెలల తరబడి అట్లా పెట్టినారు. పొరపాటున జరిగింది కాదంట, పిల్లల్ని లాక్కుంటే మిగతావాళ్ళు రావడానికి భయపడతారని కావాలనే చేసినారంట. అప్పట్లో వైట్‌హౌస్‌లో చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న జాన్ కెల్లీ భయపెట్టడమే ఇందులో ముఖ్యమన్నట్టు ఇంటర్వ్యూలోనే చెప్పినాడు. పిల్లలు ఏడ్చే ఆడియో ఒకటి ఆ జూన్ 18న బయటికొచ్చింది, నేను మొత్తం వినలేకపోయినా. రెండు రోజులకే, జూన్ 20న, విడదీయడం ఆపుతామని ట్రంప్ సంతకం పెట్టినాడు. 26న జడ్జి 30 రోజుల్లో పిల్లల్ని అప్పజెప్పమన్నాడు, ఐదేండ్ల లోపు వాళ్ళను 14 రోజుల్లో. ఏ పిల్ల ఎవరి పిల్లో సరిగ్గా రాసిపెట్టుకోలేదు కాబట్టి కొందరికి ఏండ్లు పట్టింది. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డ చేతికి తల్లి పేరు రాసిన చీటీ కట్టకపోతే మా ఉద్యోగం పోతాది.

హంద్రీ చెల్లీ, నీకు ఒకటి చెప్పాలనిపించింది. సంకెళ్ళ చప్పుడు విన్నోళ్ళు చప్పట్లు కొట్టినారు, పిల్లల ఏడుపు విన్నోళ్ళు కొట్టలేకపోయినారు. రెండూ చెవిలోనే పడినాయి. సంకెళ్ళ వీడియోలో మొహాలు సరిగ్గా కనపడవు, అడుగులు, చప్పుడు మాత్రమే. మీ మామకు అందులో ఒక మొహం కనిపించింటే అట్లా రాసేటోడు కాదేమో.


తుంగభద్ర | కర్నూలు | మధ్యాహ్నం 1:20

మొహం కనపడకపోవడం అన్నారు కదా, మన రాష్ట్రంలోనే ఉంది ఉదాహరణ. ఎమర్జెన్సీలో 1976-77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసినారు, ఉత్తరాదిన బలవంతంగా లారీల్లో ఎత్తుకోనిపోయి మరీ. 1976 ఏప్రిల్లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ దగ్గర ఇండ్లు పడగొట్టి అడ్డమొచ్చినోళ్ళ మీద కాల్పులు జరిపినారు. 1977 ఎలక్షన్లో యూపీలో 85 సీట్లు, బీహార్లో 54, కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు, ఇందిరా గాంధీ గారు, కొడుకు ఇద్దరూ ఓడిపోయినారు. మన ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42లో 41 కాంగ్రెస్‌కే వేసినాం. ఆ ఒక్కటి మన నంద్యాల, నీలం సంజీవరెడ్డి గారు జనతా తరపున గెలిచి, స్పీకరై, ఆ జూలైలోనే రాష్ట్రపతి అయినారు. ఆ గెలుపు కూడా ఆపరేషన్ల మీద కోపంతో అని చెప్పలేం, అనంతపురం ఇల్లూరు మనిషి, సీమ పెద్ద అనే అభిమానమే ఎక్కువ. మా నాయన అప్పుడు కాంగ్రెస్‌కు వేసినాయనే. తర్వాత ఎప్పుడో అడిగితే "ఆ సంగతులు మాకెవరు చెప్పినారు, పేపర్లకు సెన్సారు, రేడియోలో రైళ్ళు టైముకు నడుస్తాండాయని చెప్తాంటే బాగుందనుకున్నాం" అన్నాడు. దెబ్బ పడిన ఊర్లలో ఒక్క సీటు లేదు, పడని ఊర్లలో 41.

కానీ మాస్టారూ ఒక తేడా ఉంది. అప్పుడు వాళ్ళు దాచినారు, ఇప్పుడు వీళ్ళు దాచడం లేదు, పైగా చూపిస్తాండారు. దాచినదానికి జనం శిక్ష వేసినారు, చూపించినదానికి ఓట్లేస్తాండారు. ఇది నాకు కొరుకుడు పడటం లేదు.


సీమ మాస్టారు | నంద్యాల | మధ్యాహ్నం 3:00

దాచినంత కాలం నేరం చేసినవాడు ఒక్కడే. చూపించి, మీరూ చూశారు కదా, మీరూ నవ్వారు కదా అంటే చూసినవాళ్ళందరికీ అందులో వాటా పడుతుంది. వాటా ఉన్నవాడు తర్వాత తప్పని ఒప్పుకోలేడు, ఒప్పుకుంటే తానూ తప్పు చేసినట్టే. వకీలు గారు చెప్పిన ఏ22, ఏ25 సంగతి ఇక్కడ కూడా పనిచేస్తుంది. దుతెర్తెను 2025 మార్చి 11న మనీలాలో అరెస్టు చేసి హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు పంపారు. రెండు నెలలకు, మేలో, అదే జైల్లో ఉండగానే దావావ్ జనం ఆయన్ని మళ్ళీ మేయరుగా గెలిపించారు.

అయితే చూపించడం ప్రతిసారీ పని చేస్తుందని నేను అనుకోను. కోయిలకుంట్ల పక్కనే ఉన్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గారిని 1847 ఫిబ్రవరి 22న జనం ముందే ఉరితీశారు. నెలకు పదకొండు రూపాయల చిల్లర భరణం కోసం మనిషిని పంపితే తహసీల్దారు అవమానించిన దగ్గర మొదలైంది ఆ తిరుగుబాటు. ఉరి తీసి ఊరుకోలేదు, తలను కోట బురుజుకు వేలాడదీసి 1877 దాకా, ముప్పై ఏళ్ళు, అట్లాగే ఉంచారు. ఇంకెవడూ తలెత్తకూడదని. ముప్పై ఏళ్ళంటే ఆ తలను చూస్తూ పుట్టి పెరిగి పెళ్ళిళ్ళు చేసుకున్న తరం ఉంది. వాళ్ళు భయపడి ఉంటారు, కాదనను. కానీ రేనాట్లో ఆడవాళ్ళు దంపుళ్ళ దగ్గర, నాట్ల దగ్గర పాడుకున్నది ఆయన పాటే. అప్పటి కలెక్టరు పేరు ఎంతమందికి తెలుసు?


ఉగ్గాని | అనంతపురం | సాయంత్రం 4:45

సార్ మీ మాట బాగుంది కానీ మా వయసు వాళ్ళ ఫోన్లలో అంత ఈజీగా జరగడం లేదు. నేను బీటెక్ ఫైనలియర్. బుకెలె పెద్ద జైలు వీడియో, గుండు కొట్టించిన వాళ్ళను వంగోబెట్టి వరసగా కూర్చోబెట్టింది, దానికి మన సినిమా ఎలివేషన్ మ్యూజిక్ వేసి రీల్స్ చేసినారు, మా హాస్టల్లో అందరి స్టేటస్‌ల్లో తిరిగింది, నేనూ పెట్టినా. ఆ దేశం ఎక్కడుందో కూడా నాకు తెలియదు అప్పుడు. 2025 మార్చిలో అమెరికా వాళ్ళు రెండొందల మందికి పైగా వెనిజులా వాళ్ళను అదే జైలుకు పంపినారు, అందులో చానామందికి ఏ శిక్షా పడలేదని తర్వాత వచ్చింది. అప్పుడు అమెరికా మంత్రి ఒకామె ఆ కటకటాల ముందు నిలబడి వీడియో తీసుకుంది, వెనక మనుషులు వరసగా. అది చూసినప్పుడు మొదటిసారి నాకు ఏదో తప్పు అనిపించింది, ఎందుకంటే ఆ మనుషులు ఆమె వెనక ఫ్లెక్సీ మాదిరి ఉన్నారు.

చీనీతోట అన్న రాసింది నిన్న రాత్రి మా రూమ్మేట్లకు చదివి వినిపించినా. ముగ్గురిలో ఇద్దరిది ధర్మవరం, ఒకడిది పులివెందుల. ఎవరూ ఏం మాట్లాడలేదు చానాసేపు. పులివెందుల వాడు మాత్రం, మా మామ తోట కూడా అట్లే పోయింది, ఇంట్లో ఎవరూ మాట్లాడరు దాని గురించి అన్నాడు.


నిర్వాహకుడు | సాయంత్రం 5:10

రాష్ట్రంలోని పార్టీల పేర్లు, నాయకుల పేర్లతో వచ్చిన మూడు కామెంట్లు తీసేశాను. ప్రెస్‌మీట్లలో ఎదుటివాళ్ళ ఇండ్లల్లోని ఆడవాళ్ళను తిట్టే అలవాటు ఏ ఒక్క వైపు వాళ్ళదో కాదు, ఇక్కడ పేర్లు వస్తే ఈ చర్చ రెండు ముక్కలవుతుంది. దయచేసి సహకరించండి.


టవర్‌క్లాక్ | అనంతపురం | సాయంత్రం 6:30

నా అభిప్రాయం పూర్తిగా మారిందని చెప్పను, గట్టిగా ఉండే ప్రభుత్వం కావాలనే ఇప్పటికీ అనుకుంటా. కోర్టులు తొందరగా తేల్చకపోతే జనం ఇట్లాంటోళ్ళ వైపే పోతారు, దాని గురించి ఎవరూ మాట్లాడకుండా జనాన్ని తప్పుబడితే ఒప్పుకోను. కానీ నర్సక్క చెప్పిన గోడ వైపు తిరిగిన పిల్ల నన్ను వదలడం లేదు. మా చిన్నాయన దావా గెలవడం వేరు, ఎదుటోడి పిల్లలు ఏడవడం చూసి నా మనసు చల్లబడటం వేరు. ఆ రెండూ కలిపేసుకున్నాననిపించింది.


హంద్రీ ఒడ్డు | కర్నూలు | రాత్రి 9:15

పొద్దున మామ ఇంటికి పోయినా. గ్రూపులో కాదు, ఎదురుగా కూర్చోని అడిగినా. అత్త బొరుగుల ఉగ్గాని, బజ్జీ పెట్టింది, తింటా మాట్లాడుకున్నాం. "వాళ్ళు తప్పు చేసినారా లేదా" అన్నాడు మొదట. చేసినారు మామా, వీసా లేకుండా పోయినారు, నలభై యాభై లక్షలు ఏజెంట్లకు కట్టి, పొలాలు అమ్ముకోని పోయినారు అన్నా. పొలం మాట వినగానే కొంచెం ఆగినాడు. వాళ్ళ నాయన సుంకేసుల కింద భూమి అమ్మి ఈయన్ను చదివించినాడు. "నేను సంకెళ్ళు చూసి నవ్వలేదు, మన దేశంలో కూడా ఇట్ల గట్టిగా ఉంటే బాగుండునని పెట్టినా" అన్నాడు. ఆ మాట నిజమే అనుకుంటా. ఫోన్ తీసి ఆ వీడియో మళ్ళా చూసినాడు, ఈసారి సౌండ్ పెట్టి. చూసినాక ఏమీ అనలేదు, గ్రూపులోంచి తీసేయనూ లేదు. నేను కూడా తీసేయమని అడగలేదు.

చీనీతోట తమ్ముడూ, ఉగ్గాని అడిగిన ప్రశ్నకు నువ్వు జవాబు చెప్పలేదు. ఇబ్బంది అయితే వద్దు.


చీనీతోట | తాడిపత్రి సైడు | రాత్రి 10:25

ఇబ్బంది ఏం లేదక్కా, పొలం కాడ ఉన్నింటి, ఇప్పుడే చూసినా.

చానా ఏండ్లు చీనీ పెట్టలా. శనక్కాయ వేసినాం, వానలు లేక రెండుసార్లు పంట కూడా రాలా. అప్పు తీరేసరికి నేను డిగ్రీకొచ్చినా. 2009లో మా నాయన రెండొందల మొక్కలు తెచ్చి పెట్టినాడు, అదే రోడ్డు పక్క. జేజి అప్పటికి లేదు.

అవి కాపుకొచ్చినాక ఒకరోజు కోతకు కూలోళ్ళు కావాలంటే పక్కూరి నుంచి ఆటోలో పదిమంది వచ్చినారు. అందులో ఒకాయప్పను చూసి మా నాయన అట్లే నిలబడిపోయినాడు. ఆ రాత్రి గొడ్డలి పట్టుకున్నోళ్ళలో ఆయప్ప ఒకడని ఊరందరికీ తెలుసు, కేసులో పేరు కూడా ఉన్నింది. ఆయప్పే ముందు మాట్లాడినాడు. పెద్దాయన చెప్పినాడని పోయినాం, పోకపోతే మా ఇల్లు ఉండేది కాదు, వాయిదాలకు మూడేండ్లు జీపు పంపినాడు, తర్వాత ఆయన పార్టీ మారి రాజీ చేసుకోని టౌన్లో ఇల్లు కట్టుకున్నాడు, మమ్మల్ని అడిగే దిక్కు లేదు, ఉన్న ఎకరా లాయరుకే పోయింది, నీ తోటకే కూలికి వచ్చినా అన్నాడు.

మా నాయన ఏం మాట్లాడలా. గంపలు ఎక్కడున్నాయో చూపించినాడు. మధ్యాన్నం మా యమ్మ అందరితో పాటే ఆయప్పకూ సంగటి పెట్టింది, ఆయప్ప చెట్టు కింద కూర్చోకుండా దూరంగా ఎండలో కూర్చోని తిన్నాడు.